పొగకు కుట్టిన అంగీ

కొలత చెప్పిండు ఓదెలు:
పొడుగు ఎనిమిది ఫీట్లు, మెడ లేదు, చేతుల్లేవు,
కింద మూసి, పైన ఇనుప కడెం.
"ఎవలికి, గింత పొడుగు మనిషికి?" అన్న.
"పొగకు" అన్నడు.

నవ్విన. అప్పటిదాంక నేను కుట్టినవి
సర్కారు బడి పిల్లల యూనిఫాంలు, రవికెలు,
ఒక్కసారి పెండ్లిగుర్రానికి జీనుగుడ్డ.
పొగ ఒంటికి టేపు ఎన్నడు పట్టలే.

మా సుల్తానాబాద్‌ల యాసంగి వడ్లు దిగినయంటె
మిల్లులు నాత్రీ పగలూ ఉడుకుతయి.
ఊక కాలి, గొట్టం కొసకెల్లి
నల్ల తునకలై మా మీదికొస్తది.
బండి మీద పోయేటోని కంట్లె,
ఆరేసిన దుప్పట్ల, పాలగిన్నెల,
నా కత్తెర నోట్లె.
దులిపితే పోదు, పూసుకుంటది.
మా అత్త దాన్ని మిల్లు ఉత్తరమంటది.
చిరునామా ఎన్నడు తప్పదట.

కిందటేడు ఫంక్షన్ హాల్ల మీటింగు.
ఒక దిక్కు పొల్యూషన్ బోర్డు సార్లు,
ఒక దిక్కు మిల్లర్ల సంఘం,
నడుమ బల్ల మీద జీడిపప్పు.
మిషిని ఖర్చుల సగం సర్కారు, సగం మిల్లు.
సంతకాలైనయి, శాలువలైనయి.
పుణె నుంచి లారీల దిగింది, లోపల నూట ఇరవై సంచులు.
పొగ అండ్లకు పోయి, మసి విడిచి,
తలంటుకున్న పిల్ల లెక్క బయటికి రావాలె.
నాలుగు నెలలు వచ్చింది గూడ.

తర్వాత నిప్పురవ్వలు సంచుల్ని కొరికినయి.
కొత్తవి పది వారాలన్నది కంపెనీ.
మిషిని మా పద్దు, సంచులు మీ పద్దన్నది సర్కారు.
ఒప్పందంల సంచి అనే మాటే లేదన్నది మిల్లు.
వాళ్ళు కాయితాలు తిరగేస్తుంటె
పొగ ఆగి వినలే.

గప్పుడొచ్చిండు ఓదెలు,
దుప్పటంత మందం ఫెల్టు చంకన పెట్టుకొని.
మూడు సూదులు విరిగినయి.
నాలుగోది, గోనెలు కుట్టేది, దిగింది.
ఊపిరి పోవాలె, మసి పోవద్దు.
నాకెవలు నేర్పలే.
రవికె చంక కుట్టినోళ్ళకు తెలుస్తది
ఎక్కడ బిగియాల్నో, ఎక్కడ విడువాల్నో.
బిల్లు మీద ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు రాసిండ్రు.
నా పుస్తకంల నేను అంగీలనే రాసుకున్న.

అయినా నాత్రి రెండు గొట్టంగ లేస్తె
నోట్లె అదే మసి రుచి.
ఓదెలును నిలదీసిన. నేల చూసిండు.
"ఫ్యానుకు కరెంటు మస్తయితదని
నాత్రిపూట పక్కదారి తలుపు తెరుస్తరక్కా."
అంటే నా అంగీలు దండేనికి వేలాడుతున్నయి,
పొగేమో ఊరంత బరిబాత తిరుగుతున్నది.

బోర్డుల కొత్త ఇంజనీరమ్మ, సుచరిత,
మీటరు ముప్పై చూపెడుతున్నదన్నది,
నేను దగ్గుతుంటె.
ఏమనలే. యూనిఫాం జేబులకు తెచ్చిన
తెల్ల పోప్లిన్ చింపి డాబా మీద కట్టిన.
పగటికో గుడ్డ, నాత్రికో గుడ్డ.
తారీకు ఎర్రదారంతో కుట్టిన.

పదిహేను దినాలకు అదే హాలు.
బల్ల మీద ముప్పై గుడ్డలు పరిచిన.
పగటివి తెలుపు. నాత్రివి
చెప్పనక్కర లేకుండె.
చంద్రమౌళి సేటు ఒకటెత్తి వాసన చూసిండు.
"మా ఊకే" అన్నడు మెల్లగ.
జీడిపప్పు ఎవలు ముట్టలే.
కరెంటు రాయితీ మీద గంట మాట్లాడిండ్రు,
తలుపు మీద అరగంట.
సంచుల పద్దు ఎవలిదో ఇప్పటికీ తేలలే.

ఇప్పుడు పక్కదారి తలుపుకు రెండు తాళాలు.
ఒకటి బోర్డుది, ఒకటి మిల్లుది.
ఒక చెయ్యితోని తెరుచుకోదు.

మొన్న బాగుచెయ్యనీకి పాత సంచి విప్పిన.
అడుగున దోసెడు మసి,
మెత్తగ, బాలింత కాటుక లెక్క.
మా మనుమని ఛాతిల ఉండాల్సింది ఇది.
దీన్ని తీస్కపోయి ఎక్కడ పోస్తరంటె
ఓదెలు చెప్పలే.

డాబా మీద నాత్రి గుడ్డ
ఇంక దింపలే.